పాతబడుతున్నది ఏమిటి? – కంప్యూటర్ వేగం, కొత్త యంత్రం ప్రశ్న

సాహిత్య విమర్శకు కేటాయించిన పుటల్లో కంప్యూటర్ ప్రాసెసర్ గురించి వ్యాసం ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. ఈ పుటలు అచ్చులోకి వచ్చే దారి ఆ యంత్రం మీదుగానే పోతున్నది గనుక అన్నదే జవాబు. కవి రాసిందైనా, విమర్శకుడు దిద్దిందైనా చివరకు జనగామలోనో మానుకోటలోనో ఒక చిన్న గదిలో డీటీపీ చేసే మనిషి తెర మీదికి రావలసిందే. రైతు భూమి కాగితం, డిగ్రీలో చేరే పిల్లవాడి దరఖాస్తు, ముసలమ్మ పింఛను కాగితం కూడా అలాంటి గదుల నుంచే కదులుతున్నాయి. ఆ గదిలో సిస్టం ఎప్పుడు మార్చాలన్నది ఆ మనిషికి అప్పుతో ముడిపడిన ప్రశ్న. మనకు అది అక్షరంతో కూడా ముడిపడిన ప్రశ్న.

ఇప్పుడది మరింత తీవ్రమైంది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతు ఆపివేసింది. తర్వాతిదైన విండోస్ 11 పాత యంత్రాలు చాలావాటిని అంగీకరించదు. పొద్దున తెరిస్తే రాత్రి దాకా నమ్మకంగా పనిచేస్తున్న యంత్రం పనికిరానిదని దాని తెరే చెబుతున్నది. మరి నిజంగా పాతబడింది ఏమిటి? ప్రాసెసరా? దాని చుట్టూ వున్న మరో భాగమా? లేక మన చేత కొనిపించడానికి ఇంతకాలం చెప్పిన కారణమే పాతబడిందా? దీనికి జవాబు కావాలంటే ఆ యంత్రవేగం చరిత్రను కొంత వెనక్కి వెళ్ళి చూడవలసి వుంది.

1. ప్రకృతి నియమమా, వ్యాపార పంచాంగమా?

1965 ఏప్రిల్‌లో 'ఎలక్ట్రానిక్స్' అనే అమెరికన్ పత్రికలో గోర్డన్ మూర్ అనే ఇంజనీరు ఒక వ్యాసం రాశాడు. తక్కువ ఖర్చులో ఒక చిప్ మీద ఇమిడ్చగల భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతున్నదని, మరో పదేళ్ళు ఇలాగే సాగవచ్చని ఆయన అంచనా. మూడేళ్ళ తర్వాత ఇంటెల్ సంస్థ స్థాపకులలో ఆయన ఒకడయ్యాడు. 1975లో తన అంచనాను సవరించి, రెట్టింపు కావడానికి రెండేళ్ళు పడుతుందన్నాడు. లోకం దీనినే మూర్ సూత్రం అంటున్నది.

ఇందులో 'తక్కువ ఖర్చులో' అన్న మాటను గమనించాలి. పండు చెట్టు నుంచి నేల మీద పడటం లాంటి ప్రకృతి నియమం కాదిది. కోట్లు పెట్టుబడి పెడితే, వేలాదిమంది ఇంజనీర్లు శ్రమిస్తే, సరుకు అమ్ముడుపోతే సాగిన క్రమం. పరిశ్రమ ఆ అంచనాను పంచాంగంలా గోడకు తగిలించుకుని, ఆ తిథుల ప్రకారం యంత్రాలు తయారుచేసింది. చిప్ పరిశ్రమలన్నీ కలిసి అంతర్జాతీయ స్థాయిలో తయారుచేసుకున్న ప్రణాళికా పత్రాలు కూడా ఆ లెక్కనే నడిచాయి. 2016లో ఆ వరుస పత్రాలకు పరిశ్రమ తానే స్వస్తి చెప్పింది.

ఈ క్రమం సాధించింది తక్కువేమీ కాదు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004లో 2,300 ట్రాన్సిస్టర్లు వుండేవి. 1993 నాటి పెంటియంలో అవి 31 లక్షలు. 2020లో ఆపిల్ తెచ్చిన ఎం1 చిప్‌లో 1,600 కోట్లు. మనిషి చేతిపని ఇంత సూక్ష్మంగా మరే రంగంలోనూ విస్తరించలేదు.

అయితే ట్రాన్సిస్టర్ల సంఖ్య ఒకటి, వాడేవాడి చేతికి అందే వేగం మరొకటి. 1993లో పెంటియం గడియారం సెకనుకు 6 కోట్ల 60 లక్షల సార్లు కొట్టేది, అంటే 66 మెగాహెర్ట్జ్. 2004 నవంబర్ నాటికి పెంటియం 4 అదే గడియారాన్ని 3.8 గిగాహెర్ట్జ్‌కు చేర్చింది. పదకొండేళ్ళలో యాభై రెట్లకు పైగా! ఆ తర్వాత 6 గిగాహెర్ట్జ్ అందుకున్న ఇంటెల్ ప్రాసెసర్ వచ్చింది 2023లో. పద్దెనిమిదేళ్ళలో రెండు రెట్లు కూడా కాలేదు.

గడియారం ఒక్కటే కొలత కాదనే వాదన సరైనదే. ఒక్కో దెబ్బకు జరిగే పని కూడా పెరిగింది. దానిని కూడా కలుపుకుని కంప్యూటర్ నిర్మాణ శాస్త్రంలో పెద్దలైన జాన్ హెన్నెసీ, డేవిడ్ ప్యాటర్సన్ కట్టిన లెక్క వుంది. ఒంటి ప్రాసెసర్ పనితనం 1986 నుంచి 2003 దాకా ఏటా 52 శాతం పెరిగింది. 2003 – 2011 మధ్య అది 23 శాతం. 2011 – 2015 మధ్య 12 శాతం. 2015 – 2018 మధ్య 3.5 శాతం. ఏటా 52 శాతం పెరిగితే రెట్టింపు కావడానికి ఇరవై నెలలు చాలు. 3.5 శాతం చొప్పున పెరిగితే ఇరవై ఏళ్ళు కావాలి. 2017లో ఏఎండీ సంస్థ రైజెన్ చిప్‌లతో, 2020లో ఆపిల్ తన చిప్‌తో పోటీకి దిగాక ఈ నడక కొంత పుంజుకున్నది. కానీ తొంభయిల నాటి పరుగు మాత్రం తిరిగి రాలేదు.

2. పరుగు ఎందుకు ఆగింది?

1974లో ఐబీఎం సంస్థలో పనిచేసే రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక సంగతి తేల్చారు. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసినప్పుడు దానికిచ్చే వోల్టేజీని కూడా అదే పాళ్ళలో తగ్గించవచ్చు. అప్పుడు అదే జాగాలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పట్టినా, అవి ఎక్కువ వేగంగా పనిచేసినా, మొత్తం వేడి మాత్రం పెరగదు. ముప్పయ్యేళ్ళు పరిశ్రమ ఈ సదుపాయాన్ని అనుభవించింది. మూర్ చెప్పినది సంఖ్య అయితే, ఆ సంఖ్యను వేగంగా మార్చింది డెనార్డ్ చెప్పిన ఈ లెక్క.

2004 ప్రాంతంలో ఇది తప్పింది. అప్పటికి ట్రాన్సిస్టర్‌లో కరెంటును అదుపుచేసే పొర మందం 1.2 నానోమీటర్లకు దిగింది. అంటే అయిదు అణువుల వరసలంత. పొలం గట్టు మరీ పలచనైతే తూము మూసినా నీళ్ళు అవతలి మడిలోకి ఊరుతూనే వుంటాయి గదా! ట్రాన్సిస్టర్‌లోనూ అదే జరిగింది. ఆపివేసినా కరెంటు కారుతూనే వున్నది. వోల్టేజీని ఇంకా తగ్గిస్తే ఆపడానికీ నడపడానికీ తేడా చెదిరిపోతుంది. వోల్టేజీ తగ్గక, వేగం పెంచుతూ పోతే మిగిలేది వేడి.

ఆ వేడి ఎంతో పోల్చి చూద్దాం. 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4 చిప్ బొటనవేలి గోరంత. ఆ గోరంత జాగాలో 115 వాట్లు ఖర్చవుతాయి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె తన అడుగు మీద పరిచే వేడి కంటే, అంతే జాగాకు లెక్కిస్తే, ఇది పది రెట్లకు పైనే. భూపాలపల్లి గనుల్లో సింగరేణి కార్మికుడు తవ్విన బొగ్గు పక్కనే చెల్పూరులో వున్న కాకతీయ థర్మల్ కేంద్రంలో మండి కరెంటవుతుంది. ఆ కరెంటు ఎక్కడో ఒక ప్రాసెసర్‌లో చేరి మళ్ళీ వేడే అవుతుంది. నడుమ మనకు దక్కేది లెక్క. వేడి పెరిగినంతగా లెక్క పెరగని దశ వచ్చినప్పుడు ఆ దారిలో ముందుకు పోవడం దండుగ. 2004 మేలో ఇంటెల్ తన తర్వాతి అతివేగ ప్రాసెసర్ పథకాన్ని విరమించుకున్నది అందుకే.

రెండో అడ్డంకి దూరం. ప్రాసెసర్ వేగం పెరిగినట్టుగా మెమరీ నుంచి సమాచారం తెచ్చుకునే వేగం పెరగలేదు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పొలం పక్కన చిన్న కుంట, దానికి ఎగువన చెరువు, ఆ పైన పెద్ద సముద్రం. ప్రాసెసర్‌లో కూడా కుంట లాంటి చిన్న నిలువలు అంచెలంచెలుగా వుంటాయి. వాటినే క్యాష్ అంటారు. కుంటలో నీళ్ళున్నంతసేపు పారకం బాగుంటుంది. అవి అయిపోయి పై చెరువు తూము తీయవలసి వస్తే పొలం ఎదురుచూడవలసిందే. విచిత్రమేమంటే ఈ కుంటలను చిన్నవి చేయడం కూడా ఇప్పుడు ఆగిపోయింది. తైవాన్ సంస్థ టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల పద్ధతి నుంచి 3 నానోమీటర్ల పద్ధతికి వచ్చినా, అందులో ఎక్కువగా వాడే రూపంలో ఈ నిలువ గదుల పరిమాణం తగ్గలేదు.

'3 నానోమీటర్లు' అన్న మాట విన్నప్పుడు చిప్‌లో ఏదో ఒక భాగం అంత కొలత వుంటుందని అనుకుంటాం. అలాంటి భాగమేదీ లేదు. పక్కపక్కన వున్న రెండు ట్రాన్సిస్టర్ల నడిమి దూరం దానికి పది రెట్లు దాటి వుంటుంది. ఒకప్పుడు కొలతగా వున్నది కాలక్రమాన సరుకు పేరైంది. రూపానికీ సారానికీ నడుమ దూరం పెరగడాన్ని సాహిత్యంలో గుర్తుపట్టే మనం, బజారులో కూడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మూడో అడ్డంకి డబ్బు. ఇంత సన్నని గీతలు గీసే యంత్రాలను ప్రపంచం మొత్తం మీద నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే తయారుచేస్తున్నది. ఒక్కొక్కటి వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటే. అందుకే చిట్టచివరి మెట్టు మీద టీఎస్ఎంసీ, శాంసంగ్, ఇంటెల్ – ఈ మూడు సంస్థలే మిగిలాయి. 'తక్కువ ఖర్చులో' అన్న మూర్ గారి షరతు ఇక్కడే బలహీనపడింది.

3. నాటు, నారు

ఒక్క ప్రాసెసర్‌ను వేగంగా పరుగెత్తించలేనప్పుడు కంపెనీలు ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది ప్రాసెసర్లు పెట్టడం మొదలుపెట్టాయి. వీటినే కోర్లు అంటున్నారు. ఎనిమిది కోర్లు వుంటే ఎనిమిది రెట్ల వేగం వస్తుందా? రాదు. ఎందుకు రాదో జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. ఏ పనిలోనైనా పంచుకోగలిగిన భాగం ఒకటి, పంచుకోలేని భాగం ఒకటి వుంటాయి. ఎంతమందిని పెట్టినా రెండో భాగం తరగదు.

మన రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పదిమంది కైకిలోళ్ళు వస్తే ఎకరం నాటు తొందరగా అయిపోతుంది. నారు ఎదగడానికి మాత్రం దాని దినాలు దానికి కావలసిందే. వందమంది వచ్చి మడి చుట్టూ నిలబడినా నారు ఒక రోజు ముందు రాదు. లెక్కలో చెబితే, ఒక పనిలో సగం మాత్రమే పంచుకోగలిగినది అయితే, వేల కోర్లు పెట్టినా మొత్తం వేగం రెండింతలకు మించదు. పదింట తొమ్మిది వంతులు పంచుకోగలిగినా పది రెట్ల దగ్గర ఆగుతుంది.

ఇది మన డీటీపీ గదికి ఎలా వర్తిస్తుంది? వీడియో కూర్చేవాడి పని నాటు లాంటిది. దృశ్యాన్ని ముక్కలు చేసి కోర్లకు పంచవచ్చు. అతనికి కొత్త ప్రాసెసర్ వల్ల గంటలు కలిసివస్తాయి. అక్షరాలు కొట్టి, పేజీలు కట్టి, దిద్దుబాట్లు చేసేవాడి పని ఎక్కువగా నారు లాంటిది. ఆ పనిలో యంత్రమే మనిషి వేలి కోసం ఎదురుచూస్తూ వుంటుంది. అతనికి పదహారు కోర్లు అమ్మడమంటే ఒక్క మడికి పది మోటార్లు బిగించడమే.

4. ఆలస్యం ఎక్కడున్నది?

"సిస్టం స్లో అయింది, ఇక మార్చాలె" – ఈ మాట మూడు జిల్లాల్లో ఎక్కడైనా వినబడుతుంది. కానీ ఆలస్యం పుట్టే చోట్లు నాలుగు: ప్రాసెసర్, మెమరీ, డిస్కు, నెట్. ఏది మెల్లగా వున్నదో తెలుసుకోకుండా మొత్తం యంత్రాన్ని మార్చడం, గడియ ఊడిందని తలుపు మార్చడం వంటిది.

డిస్కునే తీసుకుందాం. పాత హార్డ్‌డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. సెకనుకు 120 సార్లు. ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకది రెప్పపాటు కూడా కాదు. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం ఆ ఒక్క చుట్టులో రెండున్నర కోట్ల సార్లు కొట్టుకుంటుంది. విండోస్ తెరుచుకోవాలంటే ఇలాంటి ఎదురుచూపులు వేలకొద్దీ. కదిలే భాగాలే లేని ఎస్ఎస్‌డీ పెడితే ఈ ఎదురుచూపు వందో వంతుకు దిగుతుంది. పదేళ్ళ నాటి యంత్రంలో డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టినప్పుడు కనబడే మార్పు, అదే డిస్కు వుంచి ప్రాసెసర్ మార్చినప్పుడు కనబడదు.

మెమరీ చాలకపోతే యంత్రం చేతిలో పట్టనిదాన్ని డిస్కు మీద పెట్టి తీస్తూ వుంటుంది. ఇదీ ప్రాసెసర్ దోషంగానే కనిపిస్తుంది. ఇక నెట్ సంగతి. మీసేవ కేంద్రంలోనో ఆన్‌లైన్ సెంటర్‌లోనో రైతు గంటసేపు నిలబడటానికి కారణం చాలాసార్లు ఆ గదిలో వుండదు. సర్వర్ మీద ఒత్తిడి పడితే మానుకోటలో ఎంత కొత్త సిస్టం పెట్టినా ఆ చక్రం తిరుగుతూనే వుంటుంది. తిట్టు మాత్రం ఎదురుగా వున్న యంత్రానికీ, దాని ముందు కూచున్న పిల్లవాడికీ తగులుతుంది.

వీటికి తోడు సాఫ్ట్‌వేర్ బరువు. 1995లో నిక్లాస్ విర్త్ అనే శాస్త్రజ్ఞుడు, యంత్రాలు వేగవంతమవుతున్న దానికంటే ఎక్కువగా సాఫ్ట్‌వేర్ మందగిస్తున్నదని ఎత్తిచూపాడు. యంత్రం వేగం దానంతట అదే పెరిగే రోజుల్లో పొదుపుగా రాయవలసిన అవసరం రాసేవాళ్ళకు లేకపోయింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. పరుగు ఆగింది, బరువు ఆగలేదు. దాని ఖర్చు చివరి కొనుగోలుదారు మీద పడుతున్నది.

5. పాతబడటమా, పాతది చేయడమా?

ఇక్కడే అసలు వైరుధ్యం ముందుకు వస్తున్నది. 1998లో అయిదేళ్ళ పాత కంప్యూటర్ కొనడం నిజంగానే దండుగ. 66 మెగాహెర్ట్జ్ యంత్రం కొత్తగా వచ్చిన 450 మెగాహెర్ట్జ్ యంత్రం ముందు నిలవలేదు. ఇవాళ అయిదేళ్ళ పాత యంత్రం ఆఫీసు పనిలో, పేజీల పనిలో కొత్తదానికి ఏమంత వెనకబడదు. హైదరాబాద్ కంపెనీలు గడువు తీరిందని పక్కన పెట్టినవి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. జనగామ నుంచి పొద్దున రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి తెచ్చుకోవచ్చు. వేగం మందగించడం కంపెనీకి సంక్షోభమే కావచ్చు. చిన్న పట్నానికి అదొక వెసులుబాటు. రాజధానిలో వున్న యంత్రానికీ భూపాలపల్లిలో వున్న యంత్రానికీ నడుమ దూరం ఇంతగా తగ్గిన కాలం లేదు.

కానీ వస్తువు ఉపయోగం ఎక్కువ కాలం నిలిస్తే అమ్మకం తగ్గుతుంది. యంత్రం తనంతట తాను పాతబడనప్పుడు దానిని పాతదిగా ప్రకటించవలసి వస్తుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను ఒప్పుకోదు. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం వుండాలంటుంది. ఈ గీత ఎక్కడ పడిందో ఒక ఉదాహరణతో చూద్దాం. 2017 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-7700లో నాలుగు కోర్లు వున్నాయి, అవసరపడితే 4.2 గిగాహెర్ట్జ్ అందుకుంటుంది. ఇది గీతకు బయట. అదే సంవత్సరం డిసెంబర్‌లో వచ్చిన సెలెరాన్ ఎన్4000లో రెండే కోర్లు, గరిష్ఠ వేగం 2.6 గిగాహెర్ట్జ్. ఇది గీతకు లోపల. బలమైనది అనర్హం, బలహీనమైనది అర్హం! అయితే ఈ తీర్పుకు ఆధారం వేగం కాదన్నది స్పష్టం.

భద్రత అన్నది మైక్రోసాఫ్ట్ చెప్పే కారణం. దానిని పూర్తిగా కొట్టిపారేయలేం. తాళాలు దొంగలతో పాటు మారవలసిందే. డబ్బు లావాదేవీలు, ఆధార్ వేలిముద్రలు నడిచే సెంటర్‌లో భద్రతా సవరణలు అందని యంత్రం ప్రమాదమే. ఆ ప్రమాదం మోసేది నడిపేవాడొక్కడే కాదు, నమ్మి వేలు పెట్టిన ముసలమ్మ కూడా. కనుక ఈ విషయంలో మొండితనం పనికిరాదు. కానీ భద్రత అవసరం వేరు, దాని పేరుతో పనిచేసే యంత్రాలన్నిటినీ పాతసామాన్ల బండికి ఎత్తడం వేరు. వ్యక్తులకు 2026 అక్టోబర్ 13 వరకు, సంస్థలకు డబ్బు కడితే మరికొన్నేళ్ళు విండోస్ 10కు భద్రతా సవరణలు ఇస్తామని ఆ సంస్థే ప్రకటించింది. ఇవ్వడం సాధ్యమేనని దీనివల్లనే తెలుస్తున్నది.

6. మరి ఎప్పుడు మార్చాలి?

మూడేళ్ళకోసారి అన్న పాత లెక్క పోయింది. "ఆగితే ధర తగ్గుతుంది" అన్న మరో పాత నమ్మకం కూడా పోయింది. కృత్రిమ మేధ కోసం కడుతున్న భారీ డేటా కేంద్రాలు మెమరీ చిప్‌లను మింగేస్తుండటంతో 2025 చివరి నెలల్లో వాటి ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారాన్ని మానుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. క్యాలెండర్ చూసి కొనడం, ధర కోసం ఆగడం రెండూ చెల్లని చోట మిగిలే కొలమానం ఒక్కటే: మనం చేసే పని.

డీటీపీ గదికి: పని చేస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి. ప్రాసెసర్ గీత రోజంతా పైనే వుంటే ప్రాసెసర్ చాలడం లేదు. డిస్కు గీత నిండి ప్రాసెసర్ ఖాళీగా వుంటే డిస్కు మార్చాలి. మెమరీ నిండితే మెమరీ పెంచాలి. ఈ రెండు మార్పులకూ కొత్త యంత్రం ధరలో కొంత భాగమే చాలు. అవి చేసినా చాలకపోతే అప్పుడు కొత్తదాని మాట.

ఆన్‌లైన్ సెంటర్‌కు: భద్రతా గడువే అసలు గడువు. అది తీరేలోగా విండోస్ 11 ఒప్పుకునే యంత్రం, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, సమకూర్చుకోవాలి. అత్యంత ఖరీదైన ప్రాసెసర్‌కు పెట్టే డబ్బు మంచి ఇన్వర్టర్‌కూ, రెండో నెట్ లైన్‌కూ పెడితే వరుసలో నిలబడ్డవాళ్ళకు మేలు.

బడికి: 2004 డిసెంబర్‌లో కేంద్రం ప్రారంభించి 2010లో సవరించిన ఐసీటీ పథకం రోజుల నుంచీ మన బడుల్లో కంప్యూటర్ గదుల కథ ఒకటే. యంత్రాలు వస్తాయి, గడువు తీరగానే నేర్పే మనిషి పోతాడు, యూపీఎస్ బ్యాటరీలు చస్తాయి, గదికి తాళం పడుతుంది. అక్కడ ముందుగా ఆగిపోయింది ప్రాసెసర్ కాదు. పిల్లలు టైపు చేయడం, లెక్కల పట్టిక కట్టడం, చిన్న ప్రోగ్రాం రాయడం నేర్చుకోవడానికి పదేళ్ళ యంత్రం ధారాళంగా చాలు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. మన హైదరాబాద్‌లో 'స్వేచ్ఛ' సంస్థ 2005 నుంచి తెలుగులో ఆ పనిచేస్తున్నది. లినక్స్ వేసుకుంటే విండోస్ గడువు ఈ బడి యంత్రాలకు వర్తించదు. కొత్త యంత్రాల కోసం రాసే అర్జీలో ముందుగా బోధించే మనిషిని, తర్వాత బ్యాటరీలను అడగడం మంచిది.

7. యంత్రంలో బందీ అయిన అక్షరం

చివరగా, ఈ పత్రిక పాఠకులకు అన్నిటికంటే దగ్గరి సంగతి. మన ప్రాంతంలో డీటీపీ గదుల్లో అనేకం ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన రూపం 2001లో వచ్చింది. అంత పాత సాఫ్ట్‌వేర్‌కు ఏ ప్రాసెసరైనా ఎక్కువే. కాబట్టి వేగం కోసం ఆ గదిలో సిస్టం మార్చవలసిన పని లేదు. కానీ అక్కడే మరొకటి నిజంగా పాతబడుతున్నది.

అలాంటి ఫాంట్లలో కొట్టిన 'అ' యంత్రం దృష్టిలో 'అ' కాదు. ఏదో ఒక ఇంగ్లీషు గుర్తుకు తొడిగిన తెలుగు బొమ్మ. ఫాంట్ తీసేస్తే తెర మీద అర్థం లేని గుర్తులు మిగులుతాయి. వెతికితే దొరకదు, మరో చోటికి పంపితే చదవరాదు. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన దాని మొదటి రూపంలోనే తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు కేటాయించారు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ నుంచి అవి మన యంత్రాల్లో చెల్లుతున్నాయి. అయినా అచ్చు రంగం చాలాభాగం పాత దారినే పట్టుకుని వున్నది. అలవాటైన చేతివేగం, అందమైన అక్షరాలు, పాత ఫైళ్ళ గుట్ట – కారణాలు అర్థం చేసుకోదగినవే.

కానీ ఫలితం చూడాలి. మూడు దశాబ్దాలుగా అచ్చయిన కథల సంపుటాలు, కవితలు, కరపత్రాలు, ప్రత్యేక సంచికలు చాలావరకు ఇలాంటి ఫైళ్ళలో వున్నాయి. పరిమితమైన ప్రతులు వేసిన పుస్తకానికి అసలు ప్రతి ఆ ఒక్క హార్డ్‌డిస్కే కావచ్చు. తిరిగే పళ్ళెం ఒకనాడు ఆగుతుంది. యంత్రం పాతసామాన్ల వాడికి పోతుంది. దానితో ఒక తరం రాసిన అక్షరం పోతుంది. ప్రాసెసర్ ఎంత నిదానంగా పాతబడినా దీనిని ఆపలేదు.

కాబట్టి సిస్టం మార్చే ముందు డీటీపీ మిత్రులూ, చిన్న పత్రికల సంపాదకులూ, రచయితలూ చేయవలసిన పని ఒకటుంది. పాత ఫైళ్ళను మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి తేవాలి. మార్పిడిలో ఒత్తులు, పొల్లులు చెదురుతాయి గనుక ఒకసారి ప్రూఫు చూడాలి. రెండు చోట్ల భద్రపరచాలి. ఇందుకు కొత్త యంత్రం అవసరం లేదు, అక్షరం తెలిసిన మనుషుల కొన్ని ఆదివారాలు కావాలి. తెలుగు చదువుకున్నవాళ్ళు చేయగల పనే ఇది.

యంత్రం వేగం పెరుగుతున్నంత కాలం, ఏం చేయాలో అదే చెప్పేది, మనం దాని వెంట నడిచాం. ఆ నడక ఇప్పుడు మందగించింది. ఏది మార్చాలో, ఏది వుంచాలో, ఏది కాపాడాలో మన పనిని బట్టి మనమే తేల్చుకోవలసి వుంది. ఆ నిర్ణయాన్ని అమ్మేవాడికి వదిలేస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. డిస్కులో వున్న పుస్తకాలు కూడా దానితోనే పోతాయి.